మొగిలవ్వ జంపఖానా

గురువారం మధ్యాహ్నం మూడయ్యేసరికి దేవేందర్ సెమినార్ హాల్లో కుర్చీలన్నీ గోడకు జరిపి, బీరువా మీద చుట్టిపెట్టిన జంపఖానాను కిందికి దించేవాడు. దాన్ని పరిచి, నాలుగు మూలలూ కాలితో సాపు చేసి, "రాండ్రి, కూసోండ్రి" అని కారిడార్‌లోకి కేకేసేవాడు. ఐదు నిమిషాల్లో గడప అవతల చెప్పుల కుప్ప పడేది.

జగిత్యాల నుంచి కోరుట్ల పోయే రోడ్డు మీద, మొక్కజొన్న చేల నడుమ ఉన్న చిన్న పీజీ కేంద్రం అది. ఎమ్మెస్సీ వాళ్లు, ఎమ్మే వాళ్లు, పీహెచ్‌డీ చేసేవాళ్లు అంతా కలిపి నూటయాభై మందికి మించరు. చాలామంది తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లు. సినాప్సిస్ ఎట్లా రాయాలో, గైడుతో ఎట్లా మాట్లాడాలో ఇంట్లో అడుగుదామంటే చెప్పేవాళ్లు ఉండరు. అందుకని రెండేళ్ల కింద విద్యార్థి సహాయ కేంద్రం ఈ గురువారం ముచ్చట మొదలుపెట్టింది. ఒక వారం ఫెలోషిప్ ఫారాలు నింపడం, ఒక వారం ఇంగ్లీషు భయం, ఒక వారం పరీక్షల ముందు పట్టని నిద్ర. నెలకొకసారి మాత్రం కులాన్ని బట్టి, ఒంటి రంగును బట్టి పడే మాటల గురించి. దీన్నంతా నడిపించే పని ఎమ్మే చదివే దేవేందర్‌ది.

దేవేందర్‌ది సిరిసిల్ల. తండ్రి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తాడు. తల్లి మొగిలవ్వ కండెలు చుడుతుంది. వాళ్ల వెనక అర్రలో తాత కాలపు చేతిమగ్గం ఒకటి ఇంకా ఉంది. హాల్లో కుర్చీలు చాలవని, బండల మీద కూర్చుంటే చలి పుడుతుందని కొడుకు చెబితే, చీరలు నేయగా మిగిలిన రంగురంగుల నూలంతా పోగేసి, మొగిలవ్వ ఆ మగ్గం మీద నెల రోజుల్లో జంపఖానా నేసి ఇచ్చింది.

దానికి ఒక గుణం ఉంది. పదిమంది కూర్చున్నా, అరవై మంది కూర్చున్నా అది సరిపోయేది. ఎవరు ఎంత ఎడంగా కూర్చున్నా, చాయ్ వచ్చే వేళకు ఒకరి మోకాలు ఇంకొకరి మోకాలికి తగిలేది. కూర్చున్నవాళ్లు జరిగేవాళ్లు కాదు. జంపఖానాయే మెల్లగా, ముసలమ్మ కొంగు సర్దుకున్నట్టు, అందరినీ దగ్గరికి తీసుకునేది. మొదటి రెండు వారాలు నీళ్ల సీసాలు దొర్లిపోయాయి. తర్వాత సీసాలు బయటే పెట్టి రావడం అలవాటైంది. ఆడపిల్లలు ఒక పక్క, మగపిల్లలు ఒక పక్క కూర్చోవాలని ప్రిన్సిపాల్ ఒకసారి నడుమ తాడు పరిపించాడు. సాయంత్రానికి ఆ తాడు లైబ్రేరియన్ మెడలో దండలా తేలింది. ఆ తర్వాత తాడు జోలికి ఎవరూ పోలేదు.

"అవ్వా, గిది మందిని దగ్గరికి గుంజుతున్నది" అని దేవేందర్ ఒకసారి ఫోన్‌లో చెప్పాడు.

"గుంజదా మరి? పల్చగ నేస్తే మూణ్ణెల్లకే పోగులు లేస్తయని గట్టిగ దగ్గరికి కొట్టిన" అంది మొగిలవ్వ. "అన్నం తిన్నవా?"

ఆ గురువారం ముచ్చటకు రెండేళ్లలో ఒక్కసారి కూడా రానిది రత్నమాల. పీహెచ్‌డీ నాలుగో ఏడు. ఊరు కథలాపూర్. తల్లి ముత్తమ్మ పసుపు తవ్వే కాలంలో కోరుట్ల చుట్టుపక్కల ఊళ్లకు కొమ్ములు ఉడకబెట్టే కూలికి పోతుంది. ఆదివారం చర్చిలో అందరికన్నా పెద్ద గొంతుతో పాడుతుంది. వాళ్లకు గుంట భూమి లేదు. కానీ ముత్తమ్మ పసుపు కొమ్ము విరిచి వాసన చూసిందంటే, అది ఏ నేలలో పండిందో, దుంపకుళ్లు తగిలిందో లేదో చెప్పేస్తుంది. చుట్టూ చేలన్నీ కుళ్లిపోయినా చెడకుండా నిలబడే నాటు రకం ఒకటి ఉందని కూతురికి చెప్పింది కూడా ఆమే. ఆ ఒక్క మాట పట్టుకుని రత్నమాల నాలుగేళ్లు ఊరూరూ తిరిగింది. మట్టి తెచ్చింది, దుంపలు తెచ్చింది, ల్యాబులో రోజుల తరబడి పరీక్షలు చేసింది. తల్లి చెప్పింది నిజమేనని, ఆ రకం ఎందుకు చెడదో కూడా తేల్చింది.

పోయిన నెల హైదరాబాదులో జరిగిన ఒక పరిశోధకుల సభలో ఆ పనిని పోస్టర్‌గా పెట్టారు. పోస్టర్ గొట్టం బస్సులో మోసుకుపోయింది రత్నమాల, గోడకు అతికించింది రత్నమాల. దాని మీద మాత్రం గైడు గంగాప్రసాద్ పేరు, ల్యాబులో ఆమె జూనియర్ అభిలాష్ పేరు ఉన్నాయి. అడుగున చిన్న అక్షరాల్లో 'సహకారం: రత్నమాల' అని ఉంది.

తిరిగొచ్చాక అడిగితే, గంగాప్రసాద్ కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. "అక్కడ ఇంగ్లీషుల గడగడ మాట్లాడాలె. నీతోని అయితదా? ఎట్లాగూ నీకు కోటాల నౌకరి వస్తది. ఇవన్నీ నీకెందుకు?" అన్నాడు.

రత్నమాల హాస్టల్‌కు వచ్చి, చదువు మానేస్తున్నట్టు కాగితం రాసుకుంది. దాని మీద గైడు సంతకం కావాలి. నాలుగు రోజులు ఆయన గది ముందు నిలబడింది. ఆయన దొరకలేదు.

"సంతకమేగద అక్కా? ఇయ్యాల హాల్ల దొరుకుతడు" అంది చిసోమో. ఆమె మలావీ దేశం నుంచి ఎమ్మెస్సీకి వచ్చిన పిల్ల, రత్నమాల రూమ్మేటు. తెలుగంతా మెస్సులో వంట చేసే సాయవ్వ దగ్గర నేర్చుకుంది కాబట్టి అచ్చం సాయవ్వలాగే మాట్లాడుతుంది. "ప్రిన్సిపాల్ సారు గైడులందరిని గురువారం ముచ్చటకు రమ్మన్నడట. నాతోని రా."

"నేనేం మాట్లాడ. సంతకం పెట్టించుకొని వస్త."

"మాట్లాడకు. ఉత్తగ కూసో. కూసుంటె ఏం పోతది?"

గంగాప్రసాద్ మోకాళ్ల నొప్పులని చెప్పి తలుపు దగ్గరే కుర్చీ వేయించుకున్నాడు. ఫోటో దిగి వెళ్లిపోదామని ఆయన ఆలోచన. కుర్చీ ముందు కాళ్లు రెండూ జంపఖానా అంచు మీద ఉన్నాయి. రత్నమాల ఆయనకు ఎదురు మూల, కిటికీ కింద, కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"కొత్తోళ్లున్నరు కాబట్టి రూలు మల్ల చెప్తున్న" అన్నాడు దేవేందర్. "ఒకరు చెప్తరు, మిగిలినోళ్లు వింటరు. జవాబియ్యాలంటే ముందుగాల ఏం విన్నరో గది తిరిగి చెప్పాలె. గంతే."

మొదట చిసోమో మాట్లాడింది. "ఎండకాలం కోరుట్లల రూము కోసం పోయిన. ఇంటి ముందల టులెట్ బోర్డు ఉన్నది. ఇంటాయన నన్ను జూసి, ఖాళీ లేదన్నడు. మరి బోర్డేంది అంకుల్ అన్న. అది నిన్నటిది, తీసుడు మర్చిపోయిన అన్నడు. వారం దినాలకు మల్ల గా దిక్కు పోయిన. బోర్డుకు కొత్త రంగేస్తున్నడు."

హాలంతా నవ్వింది. చిసోమో కూడా నవ్వింది.

"నేను సుత గిట్లనే నవ్విన. రూముకొచ్చి తలుపేసుకున్నంక నవ్వు రాలే."

నవ్వు ఆగిపోయింది. కాసేపటికి ప్రీతి అనే అమ్మాయి, రూలు ప్రకారం విన్నది తిరిగి చెప్పి, మెల్లగా అడిగింది. "కానీ బస్సుల అందరు నీతోని సెల్ఫీ దిగుతరు కదా? గది ప్రేమనే కదా?"

"ప్రేమైతే పేరు అడుగుతరు" అంది చిసోమో.

రత్నమాల ఆ మాట దగ్గరే ఆగిపోయి, ఒళ్లోని కాగితం మడతలు చూస్తూ ఉండిపోయింది. బండ మీద ఏదో కిర్రుమంది. తలెత్తి చూస్తే ఎదురుగా గంగాప్రసాద్ మోకాళ్లు. కుర్చీ హాలు నడిమికి వచ్చేసింది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. తలుపు ఎక్కడో దూరంగా ఉంది. కాళ్లు ఆనించి కుర్చీని వెనక్కి నెట్టి చూశాడు. మొండికేసిన ఎద్దులా అది కదల్లేదు. పక్కనున్న పిల్ల ఆయన కాలికి తగలకుండా చాయ్ గ్లాసు జరుపుకుంది, అంతే.

అంత దగ్గర కూర్చుని ఏమీ మాట్లాడకుండా ఉండలేక, "ఏం రత్నమాలా, బాగున్నవా?" అన్నాడు గంగాప్రసాద్.

"బాగున్న సర్. దీని మీద సంతకం కావాలె."

ఆయన కాగితం విప్పి చదివాడు. "మానేస్తవా? ఎందుకు?"

మెల్లగానే అడిగాడు గాని, ఆ ప్రశ్న అందరికీ వినిపించింది. హాలంతా ఇటు తిరిగింది. దేవేందర్ అన్నాడు, "అక్కా, చెప్పాలనిపిస్తే చెప్పు. లేకుంటే లేదు."

రత్నమాల చెప్పొద్దనే అనుకుంది. కానీ పక్కన చిసోమో మోకాలు వెచ్చగా తగులుతోంది.

"మన ల్యాబుల అందరికి పేర్లు రాసిన కప్పులున్నయి సర్. అభిలాష్‌కు చేరిన వారానికే వచ్చింది. నాకు నాలుగేండ్ల సంది కాయితం గ్లాసు. మొదటి యేడు మీరు యాదిమరిచిండ్రనుకున్న. తర్వాత నేనే యాదిమరిచిన. పోస్టర్ మీద నా పేరు లేనప్పుడు మల్ల యాదికొచ్చింది." ఆమె సూటిగా ఆయన వైపే తిరిగింది. "గా పసుపు సంగతి చెప్పింది మా అవ్వ. ఎండల పడి తిరిగింది నేను. సభ ఫోటో పంపిస్తే, ఇండ్ల నువ్వేడున్నవు బిడ్డా అని మా అవ్వ అడిగింది. ఫోటో తీసింది నేనే అవ్వా అని చెప్పిన సర్."

"అది అట్ల కాదు, నీకు ఇంగ్లీషు..."

"సర్, రూలు" అన్నాడు దేవేందర్. మర్యాదగానే అన్నాడు. "ముందుగాల విన్నది చెప్పాలె."

గంగాప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "ఆమెకు కప్పు లేదంట."

"ఇంకా సర్?"

"పోస్టర్ మీద పేరు... కింద వేసినం."

"మేం వేసినమా, నేను వేసిననా సర్?" అంది చిసోమో. ఆమె నిజంగానే వ్యాకరణం అడుగుతోందో లేదో ఎవరికీ తెలియలేదు.

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అద్దాలు లేకపోయినా ఎదురుగా ఉన్న చేతులు స్పష్టంగా కనిపించాయి. గోళ్ల సందుల్లో, వేళ్ల గీతల్లో కడిగినా పోని పసుపు. నాలుగేళ్లుగా ఒకే ల్యాబులో ఉన్న చేతులు.

"వేసిన" అన్నాడు. "పని ఆమెది. పేరు వేరేవాళ్లది నేను వేసిన."

అన్నాక, ఆ మాట ఎవరో తనతో అన్నట్టుగా తలెత్తి చూసి, అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

వెనక నుంచి అభిలాష్ గొంతు వచ్చింది. "సర్, నేను సుత ఒకటి చెప్పాలె. ఆ సభల ఒకాయన, పసుపు దుంప కోసి చూపించు బాబూ అన్నడు. నేను చూపించిన. అది అల్లం అని గాయనే చెప్పిండు."

హాలు పగిలేటట్టు నవ్వారు. రత్నమాల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంగాప్రసాద్ కూడా నవ్వాడు, కానీ అందరికన్నా ముందు ఆపేశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "సోమవారం రా" అన్నాడు. ఆయన లేచేసరికి జంపఖానా వదులైంది. ఆయన కుర్చీ ఎత్తి తానే గోడ దగ్గర పెట్టి వెళ్లాడు.

సోమవారానికి ఆయన కొత్త మనిషేమీ అయిపోలేదు. మొహం అట్లాగే గంటు పెట్టుకుని ఉన్నాడు. రెండు కాగితాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి సభ నిర్వాహకులకు రాసిన ఉత్తరం. పోస్టర్‌లో మొదటి పేరు రత్నమాలదిగా మార్చాలని, ఆ రకం గురించి మొదట చెప్పిన మనిషిగా ముత్తమ్మ పేరు చేర్చాలని అందులో ఉంది. రెండోది ఆమె రాసిన కాగితం.

"దీని మీద సంతకం పెట్టలేదు" అన్నాడు.

"మీరు పెట్టలేదని కాదు సర్. నేనే పోతలేను" అంది రత్నమాల. "ఇంకొక మాట. నాకు రెండో గైడును ఇయ్యుమని సహాయ కేంద్రానికి దరఖాస్తు పెట్టిన. ఒక్క మీతోనే అంటే నాకు భయమైతది."

గంగాప్రసాద్ బల్ల మీది ఉత్తరం అంచును గోటితో సాపు చేశాడు. "పెట్టు. నేను ఒప్పుకుంటున్న అని రాసిస్త" అన్నాడు చివరికి. తర్వాత గోడ వైపు చూస్తూ అన్నాడు. "వచ్చే నెల కేరళల పసుపు మీద పెద్ద సభ ఉన్నది. పోస్టర్ కాదు, స్టేజీ మీద మాట్లాడుడు. నీ పేరు పంపుత. ఇంగ్లీషు..."

"మాట్లాడత సర్. తప్పులొస్తయి. రానీయుండ్రి."

బయటికొచ్చి తల్లికి ఫోన్ చేసింది. ముత్తమ్మ కోరుట్ల అవతల ఒక కల్లంలో ఉంది. ఉడుకుతున్న పసుపు బుసబుసమంటోంది, పక్కన ఎవరో పుల్లలు ఎగదోయమని అరుస్తున్నారు. రెండుసార్లు చెబితే గాని ఆమెకు వినబడలేదు.

"కేరళనా? గాడ పసుపు మీద ముచ్చట చెప్పనీకె నిన్ను పిలిచిండ్రా?"

"అవునవ్వా. నువ్వు సుత రావాలె. గాళ్లు అడుగుతరు, ఎట్ల కనుక్కున్నరని. ముక్కు నీది గద, నేనేం చెప్త?"

"నేనా? నేనేం మాట్లాడుత బిడ్డా గా సదువుకున్నోళ్ల నడుమ?"

"కొమ్ము విరిచి వాసన చూడు. మిగిలింది నేను చెప్త."

అవతల ముత్తమ్మ పుల్లలు ఎగదోసిన చప్పుడైంది. అప్పుడు ముత్తమ్మ పక్కవాళ్లందరికీ వినబడేంత పెద్ద గొంతుతో, చర్చిలో పాట ఎత్తుకున్నట్టు అడిగింది.

"రైలు ఎన్నిటికి బిడ్డా?"