నలభై ఒకటో క్లాంపు

చొక్కా రెండో బొత్తాం దగ్గర ఆగిపోయాడు. మొదటిది ఎలాగో పడింది. రెండోది కాజా అంచు దాకా వెళ్ళడం, జారి వెనక్కి రావడం, ఇదే పని. వంటింట్లోంచి భార్య వచ్చి, తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుని, మిగతా బొత్తాలన్నీ పెట్టేసింది. యాభై ఆరేళ్ళ మనిషి పసిపిల్లాడిలా గడ్డం పైకెత్తి నిలబడ్డాడు.

“ఇవాళైనా డాక్టరు దగ్గరకు వెళ్తారా?”

“సాయంత్రం చూద్దాం.”

“రెండేళ్ళ నుంచీ మీకా సాయంత్రం రావట్లేదు.”

టీ గ్లాసు అందుకున్నాడు. అందులో సగమే ఉంది. నిండా పోస్తే ఒలుకుతుందని ఆవిడ సగమే పోస్తుంది. అది తాగాక మళ్ళీ సగం పోస్తుంది. ఈ ఏర్పాటు గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఇలా మాట్లాడుకోకుండా కుదిరిపోయిన ఏర్పాట్లు చాలా ఉన్నాయి.

ఫ్యాక్టరీలో అతనికి స్టాండు అని పేరు. ఫోటోలు తీసేవాడే గానీ కెమెరాకు స్టాండు వాడగా ఎవరూ చూడలేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టాడంటే కాకి వచ్చి నెత్తిన వాలినా కదలడని పాతవాళ్ళు చెప్పుకునేవారు. మనిషి పొట్టి, బట్టతల, పలకరిస్తే తప్ప మాట్లాడడు, చదువు అంతంతమాత్రం. పుట్టి బుద్ధెరిగాక అతనిలో నలుగురూ మెచ్చుకున్నవి ఆ రెండు చేతులే. ఆ చేతులే వణుకుతున్నాయని ఏ నోటితో చెప్తాడు?

చేసే పని చెప్పుకోడానికి చిన్నది. ఫ్యాక్టరీ వెనక ఎనభై మీటర్ల చిమ్నీ ఉంది. దానికి కిందినుంచి కొసదాకా ఇనప నిచ్చెన. ఆ నిచ్చెనను చిమ్నీకి పట్టి ఉంచే క్లాంపులు అరవై రెండు. మూడు నెలలకోసారి నేల మీద నిలబడి, పొడుగు లెన్సుతో ఆ అరవై రెండింటినీ ఒక్కొక్కటిగా ఫోటో తీయాలి. ఇంజనీరమ్మ వాటిని తెర మీద పెద్దవి చేసి చూసి, పగుళ్ళు లేవని సంతకం పెడితేనే మనుషులు నిచ్చెన ఎక్కాలి.

పూర్వం ఈ తనిఖీకి నెలనెలా మనిషే ఎక్కేవాడు. ఆ ఎక్కేది అతని బావమరిది. తల్లి పోతే పదేళ్ళ వయసులో అక్క వెంట ఈ ఇంటికి వచ్చాడు, ఈ ఇంట్లోనే పెరిగాడు. ఉద్యోగం వేయించింది కూడా ఇతనే. అది చిమ్నీ ఎక్కే పని అని తెలిశాక భార్య మూడు రోజులు అన్నం వడ్డించిందే తప్ప నోరు విప్పలేదు. ఫోటోల ఆలోచన ఆ మూడు రోజుల్లోనే పుట్టింది. ఏడాది పాటు పైఅధికారుల చుట్టూ తిరిగి, కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాడు. అప్పట్నుంచి బావమరిది రంగు వేయడానికి ఏడాదికి రెండుసార్లు ఎక్కడమే, మిగతా రోజులు నేల మీదే. ఈ జన్మకు తను చేసిన మంచి పని అదొక్కటేనని అతని నమ్మకం. ఎవరికీ చెప్పలేదు.

చేతులు మొదటిసారి వణికినప్పుడు తప్పు కెమెరా మీదకు నెట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాత కెమెరా పాడైందని గోల పెడితే కొత్తది కొనిచ్చారు. దాంట్లో స్టెబిలైజరు ఉందని ఇంట్లో చెప్పాడు.

“ఫ్రిజ్జుకు పెట్టేదా?” అంది భార్య.

కాదు, ఇది కెమెరా కడుపులోనే ఉంటుంది. బొమ్మ పడే పలకను, చెయ్యి ఎటు కదిలితే దానికి ఎదురు కదుపుతూ, వణుకు బొమ్మలోకి రాకుండా అడ్డుకుంటుంది. చిన్న లెన్సు పెట్టి భార్యను ఫోటో తీశాడు. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చింది. ఆ రోజు స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు.

చిన్న లెన్సుతో అది దేవుడే. పొడుగు లెన్సు దగ్గరే దాని బండారం బయటపడింది. దూరాన్ని దగ్గరకు లాగే లెన్సు వణుకును కూడా అంతే పెద్దది చేస్తుంది. ఇక్కడ చెయ్యి వెంట్రుకవాసి కదిలితే అక్కడ క్లాంపు క్లాంపంతా పక్కకు జరుగుతుంది. లోపలి పలక కదలగలిగేది గోరంత. అంతకు మించితే అదేం చేస్తుంది? తాడున్నంత మేరే కదా గేదె మేసేది. వణుకును లెన్సులోనే ఆపే కొత్తరకం లెన్సులున్నాయి, కావాలని ఇంజనీరమ్మ రాసింది కూడా. కెమెరాలో ఒకటుండగా లెన్సులో ఇంకొకటెందుకని పైవాళ్ళు కొట్టిపారేశారు. అయినా రెండేళ్ళు నెట్టుకొచ్చాడు. మంచి ఎండ ఉంటే షట్టరు ఎంత వేగంగా పడుతుందంటే, చేతికి వణకడానికి వ్యవధే ఉండదు. అతని పరువు ఎండే కాపాడుతూ వచ్చింది.

ఇప్పుడు నాలుగు రోజులుగా ఎండ లేదు. రేపు రంగు పని మొదలు. ఫోటోలు ఇవాళ అయి తీరాలి.

పైపుల మధ్యనున్న సిమెంటు గట్టెక్కి నాలుగు వందల మిల్లీమీటర్ల పొడుగు లెన్సు బిగించాడు. పాత లెన్సు కాబట్టి దాని పొడుగెంతో కెమెరాకు తనే చెప్పాలి, అంకె ఎక్కించాడు. వెలుతురు చాలక షట్టరు నెమ్మదించింది. సెన్సిటివిటీ పెంచితే బొమ్మంతా ఇసుక చల్లినట్టు గరుకెక్కుతుంది, సన్నటి పగుళ్ళు అందులో కలిసిపోతాయి. కన్ను ఆనించాడు. క్లాంపు కాసేపు బుద్ధిగా నిలబడి, ఉన్నట్టుండి ఎగిరి పక్కకు పడి, మళ్ళీ నిలబడుతోంది. ఒక్కోదానికి పదేసి ఫోటోలు తీశాడు. పదింటిలో ఒకటైనా కుదరకపోతుందా అని దింపుడు కళ్ళం ఆశ.

అరవై ఒకటి కుదిరాయి.

“బాబాయ్, నలభై ఒకటి చూడండి,” అంది ఇంజనీరమ్మ కుర్చీ జరిపి చోటిస్తూ. “ఈ గీత పగులంటారా, తుప్పు చారంటారా?”

తెర మీద క్లాంపు అంచు రెండుగా ఉంది. నల్లటి గీత ఒకటి, దాని పక్కనే దాని నీడ లాంటిది ఇంకొకటి. తుప్పు అంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“తెలీట్లేదమ్మా. మళ్ళీ తీసుకొస్తా.”

“తొందరేం లేదు. నాకు మీటింగుంది, నాలుగింటికి వచ్చేస్తా. అది స్పష్టంగా కనపడేదాకా నిచ్చెన మీద ఎవరూ కాలు పెట్టడానికి వీల్లేదు.”

మళ్ళీ గట్టెక్కాడు. నలభై ఫోటోలు తీశాడు, నలభయ్యీ రెండు గీతలే. స్టోరులో మూడుకాళ్ళ స్టాండు ఒకటి దుమ్ము పట్టి ఉందని అతనికి తెలుసు. సంతకం పెట్టి తెచ్చుకుంటే గొడవే లేదు. కానీ స్టోరు గుమాస్తా నోరు మంచిది కాదు. స్టాండుకి స్టాండా అంటాడు, సాయంత్రానికల్లా క్యాంటీనంతా అదే మాట అంటుంది. నలభై ఒకటో ఫోటో తీశాడు.

“ఆ ఒక్కదానికే ఇన్ని ఫోటోలా బావా? దానికేమైనా సంబంధాలు చూస్తున్నావా?”

బావమరిది. నలభై ఆరేళ్ళొచ్చినా నవ్వితే ఆ పదేళ్ళ పిల్లాడి మొహమే.

“సరిగ్గా రావట్లేదురా. మబ్బు.”

బావమరిది అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “మబ్బు కాదులే. అక్క చెప్పింది నాకు.”

లెన్సుకు మూత పెట్టబోతే చేతిలోంచి జారి పడింది. బావమరిది వంగి తీసి, తనే పెట్టాడు.

“ఎప్పుడు చెప్పింది?”

“ఏడాదైంది. ఇందులో సిగ్గేముంది బావా? ఒక పని చేద్దాం. నేను గబగబా ఎక్కి కళ్ళారా చూసొస్తా. పగులుంటే ఉందను, లేకపోతే లేదను. నీ మాట ఇంజనీరమ్మ ఎప్పుడైనా కాదందా? ఆవిడొచ్చేలోగా దిగేస్తా.”

వద్దు అనాలి. రెండక్షరాల మాట. అతను అనలేదు. ఆ క్షణంలో అతని కళ్ళ ముందు మెదిలింది బావమరిది కాదు, రిటైర్మెంటుకు మిగిలిన పద్నాలుగు నెలలు. అంతవరకు స్టాండు స్టాండుగానే ఉండిపోవచ్చన్న ఆశ, సిగ్గుమాలిన ఆశ.

“జాగ్రత్తరా,” అన్నాడు.

“నాకు చెప్తున్నావా,” అంటూ బావమరిది షెడ్డు వైపు నడిచాడు.

గట్టు మీద ఒక్కడే నిలబడ్డాక గుర్తొచ్చింది. ఎవరూ ఎక్కకుండా చూడ్డానికి కదా తనకీ పని. వాడు బట్టలు మార్చుకుని, బెల్టు కట్టుకుని బయల్దేరేసరికి ఎంత లేదన్నా పావుగంట పడుతుంది. ఆలోగా స్టాండు తెస్తే వాడు ఎక్కాల్సిన పనే ఉండదు. వెనక్కి పిలిచి ఆ మాటే చెప్పి ఉండొచ్చు. చెప్పడం కన్నా చేసి చూపించడమే నయమనుకున్నాడు. స్టోరు వైపు పరుగులాంటి నడక నడిచాడు.

“స్టాండుకి స్టాండు కావాల్సొచ్చిందా?” అన్నాడు గుమాస్తా, అనుకున్నట్టే.

“చేతులు వణుకుతున్నాయయ్యా.”

గుమాస్తా నవ్వు ఆగిపోయింది. “అయ్యో, మా నాన్నకీ అంతే. అన్నం కూడా మేమే తినిపించేవాళ్ళం,” అంటూ స్టాండు దుమ్ము దులిపి, రిజిస్టరు తెరిచి పట్టుకుని, వంకరటింకరగా పడుతున్న సంతకం పూర్తయ్యేదాకా వేరేవైపు చూస్తూ నిలబడ్డాడు. ఇంతేనా అనిపించింది అతనికి. రెండేళ్ళు గుండెల మీద మోసింది ఈ ఒక్క మాటనా?

బయటికొచ్చేసరికి బావమరిది నిచ్చెన సగం దాటాడు. షెడ్డులో బెల్టు కట్టుకున్నాడు గానీ బట్టలు మార్చుకోడానికి కూడా ఆగలేదు. చొక్కా తీసి నిచ్చెన పక్క పైపు మీద పడేసి, బనీను మీదే ఎక్కేశాడు. అతను కింది నుంచి కేకేశాడు. నిచ్చెన కిందనున్న కంప్రెసర్ల మోతలో ఆ కేక పైదాకా చేరలేదు. ఎక్కేవాడు కిందికి చూడకూడదన్నది వాళ్ళ పనిలో మొదటి పాఠం. నిచ్చెనను ఇనుముతో మూడుసార్లు కొడితే దిగిపొమ్మని గుర్తు. కానీ నిచ్చెన రెండు వందల అడుగుల దూరంలో ఉంది, గట్టు పక్కనే ఉంది. ముందు చూద్దాం, బాగుంటే గొడవే లేదు, అనుకున్నాడు.

స్టాండు కాళ్ళు విప్పి కెమెరా బిగించాడు. స్టెబిలైజరు ఆపేశాడు. స్టాండు మీద దాన్ని ఆపకపోతే, లేని వణుకును వెతుక్కుంటూ అదే వణుకుతుంది. చెయ్యి తగలకుండా రెండు సెకన్ల తర్వాత పడేలా పెట్టి, మీట నొక్కి, చేతులు వెనక్కి తీసుకున్నాడు.

రెండేళ్ళలో అంత మంచి ఫోటో రాలేదు. క్లాంపు మీద బోల్టు మరలతో సహా కనపడుతోంది. గీత ఒకటే. తుప్పు కాదు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పగులు. ఆ క్లాంపు మీదే, పగులు పక్కనే, బావమరిది చెయ్యి. అంత దగ్గర పెట్టుకుని కూడా వాడు తల వెనక్కి లాక్కుని, కళ్ళు చికిలించి దానివైపు చూస్తున్నాడు.

అతను పరుగెత్తాడు. సగం దూరం వెళ్ళేసరికి పైన ఇనుము విరిగింది. ఆ మోతలో చప్పుడు కూడా సరిగా వినపడలేదు. బావమరిది కేక వేశాడో లేదో తెలియదు. బెల్టు కొక్కెం నిచ్చెనకే తగిలించి ఉంది, ఆ నిచ్చెన ముక్కతోనే కిందికి వచ్చేశాడు.

మీటింగులోంచి ఇంజనీరమ్మా మిగతావాళ్ళూ వచ్చేసరికి అతను బావమరిది తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చేతులు వణకడం అందరూ చూశారు. అలాంటప్పుడు ఎవరికైనా వణుకుతాయని అనుకున్నారు.

“ఇవాళ్టి వణుకు కాదమ్మా ఇది,” అన్నాడు ఇంజనీరమ్మతో. “రెండేళ్ళ నుంచీ వణుకుతున్నాయి. నేను చెప్పలేదు. వాడు నా కోసం ఎక్కాడు.”

ఇంజనీరమ్మ అతని పక్కనే నేల మీద కూర్చుంది.

చీకటి పడేవేళకు ఆవిడే వాళ్ళింటికి వచ్చి, పైపు మీద దొరికిన చొక్కా మడతపెట్టి ఇచ్చి, గుమ్మంలోంచే వెళ్ళిపోయింది. భార్య ఏడవడం లేదు. పొద్దున మొగుడి బొత్తాలు పెట్టిన చేతులతోనే ఆ చొక్కా విప్పి, మళ్ళీ మడతపెట్టబోతే జేబులోంచి కళ్ళజోడు జారి బల్ల మీద పడింది.

“ఇదెవరిది? వాడికి కళ్ళజోడు లేదే,” అంది.

అతను తీసి కళ్ళకు పెట్టుకున్నాడు. దూరంగా ఉన్న గోడ అలుక్కుపోయింది, తన అరచేతిలో గీతలు మాత్రం పెద్దవై కనపడ్డాయి. చత్వారపు కళ్ళజోడు. ఫోటోలో వాడు తల వెనక్కి లాక్కోవడం ఎందుకో అప్పుడు తెలిసింది. చేతి పక్కనే ఉన్న పగులు కూడా వాడికి కనపడలేదు. వాడు కూడా ఎవరికీ చెప్పలేదు.

“వాడిదే,” అన్నాడు.

ఎన్నాళ్ళ నుంచి అని ఆవిడ అడగలేదు. ఎడమ కాడ ఊడిపోకుండా ఎర్రదారం చుట్టి ఉంది. అద్దాలు శుభ్రంగా, ఇప్పుడే తుడిచినట్టున్నాయి. అతను తీసి బల్ల మీద పెట్టాడు. రెండు కాడలూ మడవకుండా, ఎవరో తీసి పక్కన పెట్టి ఇప్పుడే వస్తానని లేచినట్టు, అది అలాగే ఉండిపోయింది.