బత్తాయి చెట్ల అలక

మార్కాపురం బస్టాండు వెనక రోజీ టైపింగు దుకాణంలో పొద్దున కరెంటు రాగానే ముందు ఫ్యాను తిరుగుతుంది, ఆ తర్వాత కంప్యూటరు తప్పులు పట్టడం మొదలుపెడుతుంది. టైపు చేసిన మాట నచ్చకపోతే దాని కింద పచ్చగీత గీసి, బదులుగా ఏం రాయాలో చూపిస్తుంది. ఒక టీచరు సెలవు చీటీలో 'జ్వరం' అని రాయిస్తే 'బావమరిది వచ్చినాడు' అని చూపించింది. పెళ్లికార్డులో 'విందు ఏడు గంటలకు' అంటే 'వంటవాడు ఇంకా కుదర్లేదు' అంది. ఎవరూ ఆశ్చర్యపోరు. సలహా నచ్చితే పెట్టమంటారు, లేకుంటే తీసేయమంటారు.

ఆ రోజు తర్లుపాడు దగ్గరి పల్లె నుంచి ఎల్లయ్య వచ్చాడు. తన తోటలో బత్తాయి చెట్లను బొగ్గుల బట్టీ జయపాల్‌కు కొట్టుకోను అమ్ముతూ అగ్రిమెంటు రాయించాలి. బోరులో నీళ్లున్నాయి, ఎరువూ వేశాడు, అయినా పోయిన కోత నుంచి చెట్లు ఆకు రాల్చడమే తప్ప ఒక్క చిగురు వేయలేదు. రేపు జయపాల్ రంపాలతో వస్తాడు. ఆ తర్వాత ఎల్లయ్య, భార్య ఇందిరమ్మ హైదరాబాదులో అపార్టుమెంటు వాచ్‌మన్ పనికి పోవాలి.

"రాయి అమ్మాయ్. చెట్లన్నీ ఎండిపోయినవి, కనుక..."

'ఎండిపోయినవి' కింద పచ్చగీత పడింది.

"ఏందంట?"

"'అలిగినవి' అని పెట్టమంటా ఉంది పెదనాయనా."

"చెట్లు అలిగేదేంది? తీసెయ్."

రోజీ తీసేసింది. గీత మళ్లీ వచ్చింది, ఈసారి సలహా పొడుగ్గా ఉంది. ఎల్లయ్య కళ్లజోడు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివాడు: 'బేరగాడి ముందర మీరు కాయల్ని గోలీలన్నారు.'

వెనక బెంచీ మీద అర్జీ రాయించడానికి కూర్చున్న ముసలామె తల ఎత్తింది. "అన్నావా ఏంది?"

"అన్నా. చిన్నకాయను చిన్నకాయ అనక కిరీటం పెట్టాలా?"

"చెట్లు వింటా ఉంటేనే అన్నావా?"

"తోటలో బేరమైతే తోటలో గాక ఇంకేడ అంటారు?"

"అదీ సంగతి," అని ఆమె మళ్లీ వక్క నమలసాగింది.

"నా మాట నేను చెప్పినట్టే ఉండాలా," అని ఎల్లయ్య ప్రింటు తీయించుకుని, నవ్విద్దామని ఇంటికి పోయి ఇందిరమ్మకు చెప్పాడు.

ఆమె నవ్వలేదు. "అలక తీర్చకుండా రంపాలోళ్లను పిలుస్తావా? పెండ్లిలో అలకపాన్పు మీద నువ్వు మూతి ముడుచుకుంటే మా నాయన పొద్దుగూకేదాకా బతిమాలలేదూ? సైకిలు తెస్తే గాని దిగితివా?"

"చెట్టుకు సైకిలెందుకే?"

ఆమె అప్పటికే మంచం నెత్తికెత్తుకుంది. తోట మధ్యలో వేసి, కొత్త దుప్పటి పరిచి, పసుపు, తాంబూలం పెట్టింది. ఎల్లయ్య చేతులు వెనక్కి కట్టుకుని ఖాళీ మంచం ముందు నిలబడ్డాడు.

"ఏదో అన్నాలే. ఇంక చాలు."

ఒక్క కొమ్మా కదల్లేదు.

"అట్ల కాదు. మా నాయన భుజం మీద తువ్వాలు తీసినాడు."

తహసీల్దారు ముందు కూడా దించని తువ్వాలు అది. గొణుక్కుంటూ దించాడు. "తప్పు నాదే. మంచి కాయలే కాసినారు. బేరగాడి ముందర ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి అనిపించుకుందామని నోరు పారేసుకున్నా."

"తప్పు నాదే అనేది ఇంకోసారి చెప్పు," అంది ఇందిరమ్మ. "ఇటు తిరిగి."

ఆయన తిరిగే లోపల వెనక పేలాలు వేగినట్టు చిటపటమంది. వరసకు వరస కొమ్మలు చిగుళ్లు విప్పుతున్నాయి. మర్నాటికి తోటంతా పూతకొచ్చింది, మూలనున్న ఒక్క చెట్టు తప్ప.

జయపాల్ లారీ దిగి చుట్టూ చూశాడు. "ఏంది మామా, ఎండిపోయినాయంటివి?"

"అలిగినాయంట. ఇప్పుడు బాగానే ఉండాయి."

"ముందే చెప్తే డీజిలన్నా మిగిలేది. పోనీ, ఆ మూలది ఇయ్యి."

"అది ఎండలేదు. మొండిది. అచ్చం నా పోలిక. దాని మీద రంపం పెడితే నీకూ నాకూ చెడుతుంది."

జయపాల్ ఇందిరమ్మ ఇచ్చిన టీ తాగి, ఖాళీ లారీతో పోయాడు.

కాసేపటికి హైదరాబాదు నుంచి ఫోను. "ఏమయ్యా, రేపు దిగుతున్నారా లేదా? గేటు దగ్గర మనిషి లేడు."

ఎల్లయ్య మూలచెట్టు ముందు కటిక నేల మీద కూర్చుని ఉన్నాడు. ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకుని గొంతు తగ్గించాడు.

"వచ్చేదానికి లేదు సార్. ఇంట్లో ఒకరు ఇంకా అలిగే ఉన్నారు."