సంతాపం కింద ఆఖరు తేదీ

ఇట్లా దగ్గరికి రా తల్లీ, ఈ విరిగిన కుర్చీల నడుమ కాస్త చోటు చేసుకొని కూర్చో. నా అద్దం పగిలింది, చెయ్యి కోసుకునేవు, పైలం. నేను ఒక నోటీసు బోర్డును. నాకు చదువు రాదు. ఒంటినిండా చదువుల కాయితాలు గుచ్చుకొని ముప్పై ఏళ్లు నిలబడ్డా ఒక్క అక్షరం ఒంటబట్టలేదు. ఎవరైనా పైకి చదివితే విని గుర్తుపెట్టుకోవడమే.

వడ్రంగి రాజలింగం టేకు చట్రం బిగించి, ఆకుపచ్చ బట్ట పరిచి, అద్దం తలుపు పెట్టాడు. యూనివర్సిటీ వాళ్లు నన్ను పరిశోధన విభాగం వరండాలో గోడకు కొట్టారు. తాళంచెవి అటెండరు నర్సింగం మొలతాడుకు ఉండేది. నోరు నాది, తాళం ఆయనది. ఫెలోషిప్పులు, ప్రాజెక్టు ఉద్యోగాలు... ఎందరి బతుకులో నా గుండుసూదులకు వేలాడేవి.

కోమల అని ఒక పిల్ల. జొన్న తెగుళ్ల మీద పరిశోధన చేసింది. మూడేళ్లుగా ప్రాజెక్టు ఉద్యోగానికి కాచుకొని ఉంది. వయసు హద్దుకు అదే ఆఖరి ఏడాది. ఎట్టకేలకు ఉద్యోగ ప్రకటన పడింది. నర్సింగం ఆ కాయితం తెచ్చి గుచ్చాడు. అదే మధ్యాహ్నం, రిటైరైన దామోదరాచారి సారు పోయారని కబురు. నర్సింగం నల్ల అంచు సంతాపం కాయితం తెచ్చి, ఖాళీ లేక, సరిగ్గా దానిమీదే గుచ్చాడు. ‘పరిశోధన సహాయకులు కావలెను’ అన్న పై వరుస ఒక్కటే తొంగిచూసింది.

కోమల ఆ వరుస పైకి చదివి, నర్సింగాన్ని పిలిచింది.

“అన్నా, ఆ పైకాయితం జర జరుపు. నోటిఫికేషన్ నంబరు, ఆఖరు తేదీ చూసుకుంట.”

“పదకొండో దినం కాకముందే సంతాపం కదిలిస్తరా బిడ్డా? పోయినాయన ఉసురు తగులుతది.”

నా పక్కనే గుమాస్తా కిటికీ. అక్కడికి పోయింది.

“బోర్డు మీద పెట్టినంక నోటితోని చెప్పం. నంబరు లేని దరఖాస్తు తీసుకోం.”

“బోర్డు మీద సచ్చిపోయిన సారున్నడు సార్.”

“అయితే ఆయన్నే అడుగు.”

రోజూ వచ్చి నిలబడేది. ఆమె ఊపిరికి నా అద్దం మసకబారేది. ఆమెకు కావలసిన తేదీ నా రొమ్ము మీదే ఉంది, చెబుదామంటే నా నోటి తాళం నర్సింగం దగ్గరాయె.

పదకొండో నాడు నర్సింగం దండం పెట్టి కాయితం తీశాడు. కోమల పైకి చదివింది. ఆఖరు తేదీ నిన్న. ఇంకాస్త కిందున్న దామోదరాచారి సారు పేరు కూడా చదివి, నర్సింగం వైపు తిరిగింది.

“ఈ ప్రాజెక్టు తెచ్చిందే ఆ సారు, అన్నా. ఐదేండ్లు తిరిగి తెచ్చిండు. ఎవరి ఉసురుకు భయపడ్డవో, ఆయన మాటనే మూసినవ్.”

నర్సింగం తాళంచెవి తిప్పుతూ నిలబడ్డాడు. “నాకు చదువు రాదు గద బిడ్డా. నల్ల అంచు ఒక్కటే తెలుస్తది.”

నాలుగు రోజులకు గుమాస్తా ఇంకో కాయితం పెట్టించాడు. ఒక్క దరఖాస్తూ రానందున ఉద్యోగం రద్దట. అదీ నా మీదే, అవే బెజ్జాల్లో. కోమల మళ్లీ ఆ వరండా తొక్కలేదు.

ఇప్పుడు నా చోట టీవీ లాంటిదేదో పెట్టారు. నేను ఈ పాత సామాను గదిలో పడ్డాను. ఇదిగో, ఆ నాలుగు బెజ్జాలు, వేలితో తడిమి చూడు. మరిచిపోకు తల్లీ. కాయితం అంటించే చెయ్యి ఎక్కడ కనబడినా ఈ కథ చెప్పు. కింద ఎవరి ఆఖరు తేదీ ఉందో ఒకసారి ఎత్తి చూడమను.