వాలు లేని పెరడు

మా పెరట్లో బంకమట్టి ఎంత బంకంటే, ఒక వానాకాలం బాబాయి చెప్పు అందులో దిగబడిపోయింది. లాగాం, తవ్వాం, పేరు పెట్టి పిలిచాం. రాలేదు. అది ఇప్పటికీ కిందికి ప్రయాణం చేస్తూనే ఉందనీ, భూమికి అవతలివైపు ఎవరికో త్వరలో ఒంటి చెప్పు దొరకబోతోందనీ మా అంచనా.

ఇలాంటి పెరళ్లే మాకు తిండి పెడతాయి. నాన్న, బాబాయి కలిసి ప్లాస్టిక్ గడ్డి పరిచే పని చేస్తారు. అతుకులు అంటించేది నేను. ముందు మట్టి తీసి, ఒక పక్కకి వాలు పెట్టి, చిల్లుల గొట్టం పూడ్చి, కంకర పోసి దిమ్మిస కొడతాం. గడ్డి పరిచేది ఆ తర్వాతే. ప్రతి ఇంట్లోనూ నాన్నది ఒకటే ఉపన్యాసం.

"బంకమట్టి నీళ్లు తాగదమ్మా. దారి మనమే చూపించాలి. వాలు లేకపోతే మీరు గడ్డి కాదు, చేపలు పెంచుకోవాలి."

పక్కన బాబాయి తల ఊపుతాడు. ఆ ఊపుకి మెడ ఊడి చేతిలో పడుతుందేమోనని భయపడి ఒప్పుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

పనిలో ఉన్నంతసేపూ వాళ్లు అన్నదమ్ములు. ఇంటికొచ్చి బూట్లు విప్పితే ఎదురింటివాళ్లు. తాత పోయాక ఇల్లు రెండు ముక్కలైంది. గుమ్మాలు ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో పెరడు మాత్రం ఉమ్మడి. ఆ పెరట్లో వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఇద్దరూ నాతోనే మాట్లాడతారు, అవతలివాడికి వినబడేంత గట్టిగా.

ఈసారి ఆ పెరట్లోనే గడ్డి వేయాల్సొచ్చింది, అక్క కోసం. అక్క బస్సు కండక్టర్. కదులుతున్న బస్సులోంచి పడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది. కర్ర లేకుండా నడిస్తేనే మళ్లీ డ్యూటీ, అదీ వానాకాలం అయ్యేలోపు, లేదంటే ఆ చోట్లో వేరేవాళ్లని పెట్టుకుంటామని డిపోలో చెప్పేశారు. నడక నేర్పే డాక్టరమ్మ రోజూ మెత్తటి నేల మీద నడవమంది. వీధి నిండా గుంతలే. ఇక మిగిలింది పెరడు.

"మన పిల్లకి వెయ్యకపోతే ఇంకెవరికి వేస్తాం?" అన్నాడు బాబాయి, నాతో. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అంతా బాగానే ఉంది, నాన్న వాలు కొలిచే రసమట్టం బయటికి తీసేదాకా.

"వాలు అటు పెట్టమను. కాలువ అటే దగ్గర," అన్నాడు నాన్న.

"ఆహా! వాళ్ల నీళ్లు నా గుమ్మం ముందునుంచి ఊరేగాలా? వాళ్ల వెనక సందులో కాలువ లేదా? అటే పెట్టుకోమను," అన్నాడు బాబాయి.

"నా గడప పగలగొట్టి గొట్టం వెయ్యాలా? అడుగు వాణ్ణి."

"బాబాయికి వినబడింది నాన్నా. ఆ గొంతుకి చంద్రుడిక్కూడా వినబడుంటుంది."

"కోతీ, నోర్మూసుకో!" అన్నారిద్దరూ ఒకేసారి. ఆ రోజు వాళ్లకి కుదిరిన మాట అదొక్కటే.

గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి ఉంది అక్క. "ఎటైనా పెట్టండి బాబాయ్. నాకు నడవటానికి ఉంటే చాలు."

"నీకోసమే కదమ్మా ఇదంతా," అన్నాడు బాబాయి.

చివరికి రాజీ కుదిరింది. వాలు ఎటూ వద్దు. గొట్టం కూడా వద్దు, అది కూడా ఎవరో ఒకరి వైపు తేలాలి కాబట్టి. పెరడు సమానంగా ఉండాలి. అంత శ్రద్ధగా వాళ్లు ఎవరింట్లోనూ పని చెయ్యలేదు. రసమట్టంలో బుడగ సరిగ్గా నడిమధ్యకి వచ్చేదాకా ఇద్దరూ మోకాళ్ల మీద పాకారు. భూమ్మీద అంత చదునైన చోటు ఇంకోటి ఉండదు. ఒక చీమ మధ్యకి వచ్చి, ఎటు వెళ్లాలో తెలియక సంసారం అక్కడే పెట్టేసింది.

"చేపపిల్లలు ఎప్పుడు తెద్దాం?" అని అడిగాను.

"పంపకాల దగ్గర వెటకారాలొద్దు," అన్నాడు నాన్న.

వాన రానన్నాళ్లూ అక్క నడిచింది. మొదట కర్ర మీద బరువేసి, తర్వాత కర్ర చంకలో పెట్టుకుని. నేను డ్రైవర్ని. తను విజిల్ ఊదితే నేను గేర్లు మార్చేదాన్ని. నేను ఉన్నట్టుండి "బ్రేక్!" అని అరిస్తే అక్క తూలి, నిలదొక్కుకుని, "డ్రైవింగ్ నేర్పిన మహానుభావుడెవరే నీకు!" అని తిట్టేది. ఒకరోజు కర్ర గుమ్మంలోనే మర్చిపోయి ఆ చివరిదాకా వెళ్లి వచ్చింది.

వాన వచ్చింది.

కంకర నీళ్లతో నిండింది, కింద బంకమట్టి కుండలా పట్టుకుంది, గడ్డి పైకి తేలింది. వాన వెలిసినా నీళ్లు కదల్లేదు. అక్క చూసి చూసి ఒకరోజు అడుగు పెట్టింది. కాలికింద గడ్డి చాపలా జారింది. తలుపు పట్టుకుంది కాబట్టి పడలేదు. ముఖం మాత్రం సున్నం కొట్టినట్టయింది.

అక్క కేకకి అన్నదమ్ములిద్దరూ బయటికొచ్చారు. నాన్న మా గుమ్మం దగ్గర నీళ్లలో పుల్ల ముంచాడు. బాబాయి తన గుమ్మం దగ్గర ముంచాడు. రెండు పుల్లలూ నా చేతికొచ్చాయి. పక్కపక్కన పెట్టి చూపించాను. తడి సమానంగా ఉంది.

"చూశావా," అన్నాడు నాన్న తృప్తిగా, "ఎవరికీ అన్యాయం జరగలేదు."

"జరగదు. పని అలాంటిది," అన్నాడు బాబాయి.

"ఇప్పుడైనా విప్పి ఏదో ఒక వైపు వాలు పెడదాం. అక్కకి ఇంకా టైముంది," అన్నాను.

"నాకేం అభ్యంతరం లేదు. వాణ్ణి ఒప్పుకోమను."

"నాకూ లేదు. ముందు ఆయన్ని ఒప్పుకోమను."

లోపలికెళ్లి ప్లాస్టిక్ బాతు తెచ్చి నీళ్ల మధ్యలో వదిలాను. అది ఎటూ పోలేదు. అక్క నవ్వింది.

"డ్రైవరమ్మా, ఈ బస్సు కదిలేనా?"

నేనేదో అనేలోపే మెడలో విజిల్ తీసి నాకిచ్చింది. "ఉంచుకో. నీ అల్లరికి పనికొస్తుంది." చంకలో కర్ర నేల మీద ఆనించి, మెల్లగా లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఇంకో పెరడు, ఇంకో బంకమట్టి. అన్నదమ్ములు భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. "బంకమట్టి నీళ్లు తాగదమ్మా," మొదలెట్టాడు నాన్న. బాబాయి తల ఊపుతున్నాడు. "వాలు లేకపోతే..."

బలమంతా పెట్టి విజిల్ ఊదాను.

ఇంటావిడ ఉలిక్కిపడింది. ఇద్దరూ నావైపు తిరిగారు.

"మా పిల్ల కాస్త కోతండీ, పట్టించుకోకండి," అన్నాడు బాబాయి.

నాన్న గొంతు సవరించుకుని మళ్లీ మొదటినుంచి మొదలెట్టాడు.