గిన్నె మీది పేరు

"మేడం అచ్చే యాల్లకు గిన్నెలన్నీ తళతళ మెరవాలె. ఇంటి ఇజ్జత్ ముచ్చట," అనుకుంట అంబదాస్ పక్కింటి కాశీబాయి ఇత్తడి సామానంత మోసుకచ్చి అల్మార్ల పేర్చిండు. పేర్చుడు ఆయన పని. తోముడు ఆయన పెండ్లాం భాగ్యవతిది. చింతపండు పెట్టి రుద్ది రుద్ది ఆమె వేళ్లు నాని పాసిపోయినయి. నడుమ నడుమ అత్త పెంటవ్వ మూలుగు వినవడితె లేచిపోయి, పక్కకు మర్లేసి, తడిసిన బట్ట మార్చి, మళ్లచ్చి తోముతున్నది. పక్షవాతం కొట్టినప్పటి సంది పెంటవ్వకు కుడిదిక్కు సోయి లేదు.

భాగ్యవతికి నాందేడ్‌లనే ఆడపిల్లల హాస్టల్ మెస్సుల చపాతీలు చేసే పని దొరికింది. పెండ్లికి ముందు పుట్టినూరు మర్ఖేల్‌ల పత్తి ఏరి నలుగురి నడుమ నవ్వుకుంట తిరిగిన మనిషి ఆమె. మళ్ల గట్ల బయటికి పోవాలని పానం కొట్టుకుంటున్నది. అత్తను పగటిపూట ముసలోళ్ల సెంటర్ల విడిస్తెనే అది అయితది. ఆ సెంటర్ ఒక ట్రస్టోళ్లది. ఇంటి హైసియత్, కలిమిలేములు చూసి ఫీజు పెడ్తరు. గరీబులకు తక్కువ, ఉన్నోళ్లకు ఎక్కువ. ఆ హైసియత్ చూసుటానికే ట్రస్టు నుంచి సుమన మేడం అస్తుంటె, ఈ మహానుభావుడు ఇల్లును షావుకారి ఇల్లు లెక్క ముస్తాబు చేసిండు! ఇసొంటి తెలివి ఎక్కడన్న ఉంటదా?

మేడం అచ్చింది. ఇత్తడి చూసింది. ఉతికిన చీరెల ఉన్న పెంటవ్వను చూసింది. "వాసన గిట్ల ఏం లేదు. ఎవలు చూసుకుంటరు ఈమెను?" అని అడిగింది.

అంబదాస్ కాలు మీద కాలేసుకున్నడు. "మా ఆడది ఇంట్ల ఖాళీగనే ఉంటది కద మేడం."

మేడం అదే మాట రాసుకున్నది. చాయ్ పట్టుకొని గుమ్మంల నిలవడ్డ భాగ్యవతి పళ్లెం అక్కన్నే కింద పెట్టి లోపలికి మర్లింది.

వారం తిరగక ముందే ఫీజు ఖరారైంది, అందరికంటె పెద్దది. కాయిదం మీద కారణం గూడ రాసిండ్రు: మంచి హైసియత్, ఇంట్ల కోడలు ఖాళీ.

ఖాళీ. ఆ మాటను భాగ్యవతి మళ్లమళ్ల సదివింది. నల్లా అచ్చే యాల్లకు లేస్తది, అత్తను కడుగుతది, పుండ్లు పడకుండ మర్లేస్తది, ఉతుకుతది, వండుతది, మళ్ల మర్లేస్తది. కిన్వట్ నుంచి అచ్చిన చిన్నత్త "కూసోని తింటున్నవ్, నీకేం తక్కువ బిడ్డా" అన్నది. మరిది ఫోన్ల "అమ్మను చూసుకునుడు గూడ ఒక పనేనా వదినె" అని నవ్విండు. కూసున్నదెప్పుడు? నడుము వాల్చిందెప్పుడు? అత్త మీద ఆమెకు రవ్వంత కోపం లేదు. కడుపు నిండితె ఎడమ చెయ్యితోని కోడలి గదుమ పట్టుకొని నవ్వుతది ఆ ముసల్ది. భాగ్యవతి కోపమంత ఆ ఒక్క మాట మీదనే.

"ఈ ఫీజు తప్పని సెంటర్‌కు పోయి తకరార్ ఇస్త," అన్నది మొగనితోని.

"మనం గరీబులమని ఊరంత చాటుతవా? ఇజ్జత్ తీసి నా ముక్కు కోస్తవా?"

"నీ ముక్కు సంగతి నువ్వు చూసుకో. నేనైతె పోతున్న."

అత్తను ఆటోల ఎక్కించుకొని పోయింది. ఇజ్జత్ కాపాడుకునేతందుకు అంబదాస్ బండి మీద ఎనుకనే అచ్చిండు. సుమన మేడం, ట్రస్టు పెద్దమనుషులిద్దరు కూసున్నరు. అత్త తినే యాల్ల అయింది. భాగ్యవతి సంచిలకెల్లి అంబలి గిన్నె తీసింది.

"ఇంటి నిండ ఇత్తడి ఉన్నది, ఫీజు ఎక్కువంటరేందమ్మా?" అన్నది మేడం.

"ఈ గిన్నె మీద పేరు సదువుండ్రి మేడం."

"గజానన్. ఎవరాయన?"

"మా పక్కింటి కాశీబాయి పెనిమిటి. ఆ అల్మార్ల సామానంత వాళ్లదే. మీరు అస్తున్నరని తెచ్చినం, మీరు పోంగనే ఇచ్చినం. ఇదొక్కటి మిగిలింది."

పెద్దమనుషులు ఫక్కున నవ్విండ్రు. అంబదాస్ తలకాయ కిందికేసుకున్నడు.

"సరే, ఫీజు మళ్ల చూస్తం," అన్నది మేడం.

"ఫీజు తర్వాత. ముందుగాల ఆ ఖాళీ అన్న మాట కొట్టెయ్యుండ్రి."

"మీ ఆయన చెప్పిందే కదమ్మా రాసిన."

భాగ్యవతి గిన్నె తీస్కపోయి మొగని చేతిల పెట్టింది. "ఖాళీగ ఉన్నోళ్లు చేసే పనే కద. నువ్వు తినిపియ్యి."

అంబదాస్ చెంచ నింపి కుడిదిక్కు పెట్టిండు. అంబలంత గదుమ మీదికి కారింది. తుడిచి, మళ్ల అటే పెట్టిండు. మళ్ల కారింది. కన్నతల్లి ఏ దిక్కు మింగుతదో కొడుక్కు ఎరికలేదు. పెంటవ్వ మొకం తిప్పుకొని, ఎడమ చెయ్యితోని కోడలి కొంగు పట్టుకున్నది.

"దాని... దానికియ్యి," అన్నది నత్తినత్తిగ.

భాగ్యవతి ఎడమదిక్కు కూసోని గిన్నె ఖాళీ చేపిచ్చింది. మేడం పెన్ను తీసి ఆ మాట కొట్టేసి, "కోడలు రాత్రింబగళ్లు సేవ చేస్తున్నది" అని రాసింది. ఫీజు అన్నిట్ల చిన్నదేసింది. భాగ్యవతికి అక్కన్నే ఎగిరి గంతెయ్యాలనిపించింది.

సోమవారం పొద్దుగాల అత్తను సెంటర్ల విడిచి, పనిల చేరబోయే ముందు గిన్నెల దుకాణంల ఆగింది. మెస్సుకు తీస్కపోను ఒక టిఫిన్ డబ్బ కొన్నది. ఇంట్ల పుట్టింటోళ్లిచ్చిన చెంబు మీద గూడ అంబదాస్ పేరే ఉన్నది. దుకాణమాయన పేర్లు కొట్టే మిషిని పట్టుకొని అడిగిండు.

"పేరేందక్కా?"

"భాగ్యవతి."

ఆయన గర్రుగర్రున కొట్టి, మిషిని ఆపకుండనే తలెత్తిండు. "దీని తర్వాత? మీ ఆయన పేరు?"

"ఆయన పేరు ఇంట్ల ప్రతి గిన్నె మీద ఉన్నదన్నా," అన్నది భాగ్యవతి. "దీని మీద నాదొక్కటే ఉండనియ్యి."