నల్ల బండి వెనకాల

తొమ్మిదీ ముప్పై ఒకటి. వెర్లిన్ స్టాంపర్ గడియారం చూసుకోవడం అది ఆరోసారి. కూతురు టెస్సాను సైన్యంలోకి తీసుకెళ్లే బస్సు సరిగ్గా పదింటికి పట్నంలో కోర్టు ముందు నుంచి బయలుదేరుతుంది. పట్నం ఇంకా ఇరవై రెండు మైళ్లుంది. బోర్డు మీద రాసిన యాభై అయిదులో పోతే ఎలాగోలా అందుకునేవాడే. కానీ ముందు ఒక పాత నల్ల వ్యాను ఇరవై ఎనిమిదిలో పోతోంది. ఎత్తు వస్తే ఇరవై రెండుకి దిగుతోంది.

"ఎవరి పెళ్లికయ్యా ఇంత తీరిగ్గా?" అని వెర్లిన్ పళ్లు నూరాడు.

దాటిపోదామంటే రోడ్డు మధ్యన రెండు పసుపు గీతలు, ఒక పక్క కొండ, ఇంకో పక్క వాగు. నది దగ్గర పెద్ద రోడ్డు వంతెన బాగు చేస్తున్నారని ఆ బళ్లన్నీ ఈ ఇరుకు దారినే పడ్డాయి. ఎదురుగా వచ్చేవి తెరిపి లేకుండా వస్తూనే ఉన్నాయి.

నెమ్మదిగా నడిపేవాళ్లంటే వెర్లిన్‌కి మొదటి నుంచీ ఒళ్లుమంట. తాగి నడిపేవాణ్ణి పోలీసులు పట్టుకుంటారు, వేగంగా పోయేవాడికి జరిమానా వేస్తారు. ఇలా పాకేవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనరు సరికదా, జాగ్రత్తపరుడని మెచ్చుకుంటారు. వెనకున్నవాడి ప్రాణం తోడేస్తున్న సంగతి ఎవరికీ పట్టదు.

మామూలు రోజైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవాడు. మూడు వారాల కిందట భోజనాల దగ్గర టెస్సా తను సైన్యంలో చేరడానికి సంతకం పెట్టేశానని చెప్పింది. మొక్కజొన్న రొట్టె తుంచుతున్నవాడల్లా ఆపి, "అయితే నీకు నాన్న లేడనుకో" అన్నాడు. అన్నది అన్నట్టు నిలబెట్టుకున్నాడు కూడా. మూడు వారాలు ఒక్క మాట మాట్లాడలేదు. ఈ పొద్దున భార్య గ్లెన్నా పిల్లని కారెక్కిస్తుంటే గుమ్మంలోకి కూడా రాలేదు. వాళ్లు వెళ్లాక వంటింట్లోకి పోతే టెస్సా కప్పు కనిపించింది. కాఫీ సగం అలాగే ఉంది. అది చూసేసరికి అతని పౌరుషం కాస్తా దిగిపోయింది. తాళాలు తీసుకుని పరుగెత్తాడు.

రెండుసార్లు గట్టిగా హారన్ కొట్టాడు. ముందు బండి ఇంకాస్త నెమ్మదించింది. మూడోసారి కొట్టబోతుంటే ఎదురుగా వస్తున్న బొగ్గు లారీ పక్కకు దిగి ఆగింది. దాని డ్రైవరు టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. లారీ వెనక కారు కూడా ఆగింది.

వెర్లిన్ చెయ్యి హారన్ మీద నుంచి జారిపోయింది. నల్ల వ్యాను వెనక అద్దంలోంచి చూశాడు. లోపల పొడుగ్గా ఏదో ఉంది. దాని మీద తెల్ల దుప్పటి కప్పి ఉంది.

"అయ్యో దేవుడా," అన్నాడు.

ఈ కొండల్లో తమవాళ్లని సొంత బండిలోనే శ్మశానానికి తీసుకెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. శవయాత్ర వస్తే ఎదురొచ్చే ప్రతి బండీ పక్కకు దిగి, లైట్లు వేసుకున్న చివరి బండి దాటేదాకా ఆగాల్సిందే. శవాన్ని దాటిపోయేవాడు ఇక్కడ మనిషి కింద లెక్క కాదు. పోయినేడు మేనల్లుడు డూయీ ఆ పని చేశాడని చర్చిలో అందరి ముందూ కడిగేసినవాడు వెర్లిన్. ఇప్పుడు తనే శవం మీద హారన్ కొట్టాడు. సిగ్గుతో టోపీ తీసి పక్కన పడేశాడు. మంచు పట్టిందని లైట్లు ముందే వేసి ఉన్నాయి. అద్దంలో చూస్తే వెనక పన్నెండు బళ్లు, అన్నీ లైట్లతోనే వస్తున్నాయి.

తొమ్మిదీ యాభై ఒకటికి అర మైలు తిన్నని రోడ్డు వచ్చింది. పసుపు గీత తెగింది, ఇక్కడ దాటొచ్చు. ఎదురుగా ఒక్క బండీ లేదు. పోయినవాడికి తొందరేముంది, తొందరంతా నాకే కదా అనుకున్నాడు. కాలు నొక్కాడు, తన పికప్ బండి ముందుకి ఉరికింది. దుప్పటి కప్పిన పొడుగు ఆకారం దగ్గరికి వచ్చేసరికి కాలు దానంతట అదే వెనక్కి వచ్చింది. చేతకాలేదు. తిన్నని రోడ్డు అయిపోయింది. స్టీరింగ్ మీద గుద్దాడు.

పదయింది. పదీ అయిదయింది. బస్సు పోయే ఉంటుంది, టెస్సా ఒక్కసారైనా నా కోసం చూసి ఉంటుంది అనుకున్నాడు.

మలుపు తిరిగేసరికి ఎదురుగా తెల్ల బస్సు వస్తోంది. పక్కన సైన్యం గుర్తుంది. అది మెల్లగా అంచుకి దిగి ఆగింది, తలుపు తెరుచుకుంది. డ్రైవరు టోపీ ఒళ్లో పెట్టుకున్నాడు.

వెర్లిన్ రోడ్డు మధ్యనే పికప్ ఆపి దిగి పరుగెత్తాడు. ముందు నల్ల వ్యానూ, వెనక పన్నెండు బళ్లూ ఆగిపోయాయి.

"కంగారు పడకండి సార్," అన్నాడు డ్రైవరు తగ్గు గొంతుతో. "మీ ఆఖరి బండి పోయేదాకా నేను కదలను."

టెస్సా అప్పటికే మెట్ల దగ్గరికి వచ్చేసింది. ముఖం పాలిపోయి ఉంది. "నాన్నా, ఎవరు పోయారు? నానమ్మేనా?"

"ఎవరో నాకూ తెలీదమ్మా."

"తెలీకపోవడమేంటి? నువ్వు శవయాత్రలో వస్తూ..."

అంతలో నల్ల వ్యాను నడిపే ముసలాయన టోపీ చేత్తో పట్టుకుని అక్కడికి వచ్చాడు. ఆయన ఆర్బిన్ కాడిల్, వాగు పైన తేనెటీగలు పెంచుకునే మనిషి.

"అబ్బాయ్, మీవాళ్లు ఎవరు పోయారో గానీ నన్ను క్షమించు," అన్నాడు ఆర్బిన్. "మీ శవయాత్రకి అడ్డం పడ్డాను. నువ్వు హారన్ కొట్టినప్పుడే చచ్చిపోయినంత పనైంది. పక్కకి తీద్దామంటే చోటు దొరకలేదు. పరుగెత్తిద్దామంటే వెనకాల దుప్పటి కింద మూడు పెట్టెల తేనెటీగలు. కుదిపితే నన్ను బతకనివ్వవు."

"శవయాత్ర నాది కాదు పెద్దాయనా. మీదనుకున్నాను."

"నాదా?" ఆర్బిన్ వెనక్కి తిరిగి చూశాడు. పన్నెండు బళ్లు, లైట్లు వేసుకుని, టోపీలు తీసి, బుద్ధిగా కాచుకుని ఉన్నాయి. "మరి వీళ్లంతా ఎవరి వెంట వస్తున్నట్టు?"

టెస్సా ఇద్దరి వంకా చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖం పెట్టింది. "అంటే ఎవరూ పోలేదా?"

వెర్లిన్‌కి దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఎవరూ పోలేదు తల్లీ," అన్నాడు. "నీకు నాన్న ఉన్నాడు. ఆ ముక్క చెబుదామనే వస్తున్నా."

టెస్సా మెట్లు దిగి వచ్చి అతని చొక్కా పట్టుకుంది. తర్వాత ముఖం అతని భుజంలో దాచుకుంది. మూడు వారాల బిగింపు అతని వీపులోంచి వదిలింది.

"సరే అబ్బాయ్," అన్నాడు ఆర్బిన్ మొహమాటంగా. "నేను బండి తీసి దారి వదులుతాను. మనమంతా పోతేగానీ బస్సు కదలదు పాపం."

వెర్లిన్ కూతుర్ని వదలకుండానే తల తిప్పాడు.

"పెద్దాయనా, వద్దు. మీకు దణ్ణం పెడతాను, కాసేపు కదలకండి."

ఆర్బిన్ బస్సు డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు టోపీ ఇంకా ఒళ్లోనే ఉంది. ముసలాయన సరేనని తలూపి, ఎంత మెల్లగా నడవగలడో అంత మెల్లగా తన బండి వైపు నడిచాడు.