పన్నెండు అలిగిన కూజాలు

కోపంతో వంకరమ్మ ఒళ్ళు కొలిమైపోయింది. వెనక గది బల్ల మీద ఆమె చేసిన పన్నెండు టీ కూజాలూ తనిఖీకి నిలబడ్డ పోలీసుల్లా నిటారుగా ఉన్నాయి.

నిన్నటిదాకా అవి అలిగిన కూజాలు. ఒకటి మెడ వాల్చేసింది, ఒకటి మూతి తిప్పుకుంది, ఒకటి పక్కదాని మీదికి ఒరిగి చాడీలు చెబుతోంది. నెల్లాళ్ళు కూర్చుని ఒక్కోదానికి ఒక్కో అలక నేర్పింది. పదిరోజుల్లో పెద్ద బొమ్మల దుకాణంలో తొలిసారి ఆమె కూజాలు పెట్టుకోవడానికి ఓ అర ఇస్తామన్నారు. అన్నది ఆ అలకలు చూసే.

నిటారు చేసింది బావగారు. మొగుడి అన్న, పని మానేసిన తాపీమేస్త్రి. ఆమెది మట్టి, ఆయనది మట్టం. వంకర పెట్టడం ఆమె పని, వంకలు పెట్టడం ఆయన పని. వెనక గదిలో చక్రం తిప్పేది ఆమే అయినా ఇంట్లో చక్రం తిప్పేది ఆయనే. ఆమె బజారుకెళ్ళగానే, పచ్చిమట్టి జారిపోయిందనుకుని, తడిగుడ్డ పట్టి, రసమట్టం ఆనించి మరీ అన్నిట్నీ సరిచేశారట.

"నీకు చెయ్యి తిన్నగా రాదు కదమ్మా. నా నడుం పడిపోయిందనుకో," అన్నారు, మెప్పు కోసం చూస్తూ.

మొగుడు మధ్యలో దూరి, అన్నయ్య మన మంచికే చేశాడు, పోనిద్దూ అన్నాడు. ఆమె అతని వంక చూడనైనా లేదు.

"మీరు కట్టిన గోడని నేనొచ్చి వంచితే ఊరుకుంటారా బావగారూ?"

"గోడ వంగితే పడిపోతుందమ్మా."

"ఇవి నిలబడితే పోతాయి."

కొత్తవి చేసి ఆరబెట్టే వ్యవధి లేదు. ఒకదాన్ని మళ్ళీ వంచబోతే మెడ దగ్గర చీలిక కనబడింది. పళ్ళు నూరుకుంటూ నాలుగు రోజులు ఆరనిచ్చి, ఉన్నవాటిని ఉన్నట్టే బట్టీలో పెట్టింది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో మూతి తిప్పుకున్నది ఆమె ఒక్కతే.

మట్టి మహా మొండిది. మొదట ఎటు వంచితే, సెగ తగిలాక అటే మళ్ళుతుంది. బట్టీ చల్లారాక చూస్తే రెండు పగిలాయి, పది మెడలు వాల్చేశాయి. ఆమె వంచినంతా కాదు, ఆయన నిలబెట్టినంతా కాదు; బలవంతాన ఫొటోకు నిలబెట్టిన పిల్లల్లా, మునుపటికన్నా కోపంగా. దుకాణం ఆవిడ చూసి నవ్వి అర ఇచ్చేసింది.

బావగారి ఛాతీ ఉబ్బింది. "చూశావా, మనిద్దరి చెయ్యీ పడేసరికి..."

"మీ చెయ్యి పడింది ఆ పగిలిన రెంటి మీద," అందామె.

అని ఊరుకోలేదు. గడియ కొనితెచ్చి వెనక గది తలుపుకు లోపలివైపు తనే బిగించింది. అది కాస్త పక్కకు వాలింది. బావగారు దాన్ని చూసి నోరు తెరిచారు.

ఆయన ముఖం మీదే తలుపు మూసుకుంది. గడియ పడింది.